గుండిగలో ఉప్పు

ఆగస్టు 4, సోమవారం

ల్యాబ్‌లో ఒక రికార్డు పుస్తకం దొరికింది. ఏ మహానుభావుడో మొదటి పేజీలో "ఉద్దేశము" అని రాసి, ఉద్దేశం ఏమిటో తోచక వదిలేసి పోయాడు. ఆ పేజీ చింపేసి నేను మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్ళుగా ల్యాబ్ త్రీలో తాళాలు తీసి, ఫ్యాన్లు వేసి, మౌసుల తోకల ముళ్ళు విప్పుతున్న అటెండర్ కనకరాజు డైరీ రాస్తున్నాడంటే పద్మ నవ్వి చస్తుంది. నవ్వదులే. "గ్యాస్ బుక్ సేసేవా?" అంటుంది. పెళ్ళాలకు డైరీలు అర్థం కావు. దీన్ని యూపీఎస్ డబ్బా వెనకాల దాస్తాను.

రాయాలనిపించడానికి కారణం ఉంది. ఇంటర్ రెండుసార్లు తప్పిన నాకు ఈ రోజు సీ ప్లస్ ప్లస్‌లో ఒక ముక్క అర్థమైంది. చెప్పినది రామ్‌గోపాల్ బావ కాదు. వాడు పేరుకు ప్రోగ్రామరు, ల్యాబ్‌కి పెద్ద. ఇద్దరం ఒకే ఏడు ఇక్కడ చేరాం, చుట్టరికం లేకపోయినా బావా బావా అనుకుంటాం. పదిహేనేళ్ళుగా బోర్డు మీద బాణాలు గీసి ఇదే చెబుతున్నాడు. బాణాలు తినే వస్తువులు కావు కాబట్టి నాకు ఎక్కలేదు.

చెప్పింది లావణ్య. సెకండియర్. మాడుగుల అవతల పల్లె. ఇక్కడ అనకాపల్లిలో రింగ్ రోడ్డు పక్క సందులో సుప్రియ అనే పిల్లతో కలిసి గది తీసుకుని ఉంటుంది. క్లాసు అయ్యాక కూడా ల్యాబ్ వదలదు. నేను తాళాల గుత్తి గలగలలాడిస్తుంటే అంది:

"బాబాయ్, ఇన్నేళ్ళ బట్టి వింతన్నావు కదా, బైండ్ అంటే ఏటో సెప్పు సూద్దాం."

"పుస్తకానికి అట్ట కుట్టడం."

"నీ మొహం. ఇలా రా. మా నాన్న పెళ్ళిళ్ళకి వడ్డనకెల్తాడు కదా?"

వాళ్ళ నాన్న సత్తియ్య. రెండెకరాల చెరకు, ముహూర్తాల రోజుల్లో వడ్డన. ఆ సంగతి తను ఎవరికీ చెప్పదు, నాకు చెప్పింది.

"వడ్డించడం అన్న పనికి రెండు కావాలి బాబాయ్. ఏటి వడ్డించాలి, ఎవులికి వడ్డించాలి. రెండూ తెలిస్తేనే పని. కానీ బంతి ఉన్నాది సూడు, అది ఒక్కటే ఇత్తాది. ఒక ఆకు, దాని పక్కన ఇంకో ఆకు. మరి రెండోది ఎక్కణ్ణుంచి వత్తాది?"

"బకెట్లోంచి."

"అదే! సాంబారు బకెట్ సేతికిచ్చేసేవంటే 'ఏటి' అన్నది ముందే కట్టేసినట్టు. ఇంక వాడికి ఆకు సూపిత్తే సాలు. రెండడిగే పనిని ఒకటడిగే పనిగా మార్చేసేవు. అలా మార్చే సామాన్నే అడాప్టర్ అంటారు. బంతి ఎంబడి నడిసేవోడికి బకెట్లో ఏటున్నాదో అక్కర్లేదు. సాంబారైనా పెరుగైనా నడక అదే నడక."

నేను కుర్చీలో కూలబడ్డాను. పదిహేనేళ్ళ బాణాలన్నీ ఒక్కసారిగా కడుపులోకి దిగాయి.

"ఇది మీ సారుకి సెప్పకు," అన్నాను. "ఉద్యోగం మానేసి వడ్డనకి పోతాడు."

ఆగస్టు 6, బుధవారం

నేర్చుకున్నది బుర్రలో ఉందో లేదో చూద్దామని సొంతంగా ఒక లైను రాశాను. పని చేసింది. మెషిన్ నా మాట విన్నది. పద్మ కూడా వినదు.

లావణ్య చూసి మెచ్చుకుని, వెంటనే వంక పెట్టింది.

"ఒక్కటి గేపకం పెట్టుకో బాబాయ్. సాంబారు బకెట్ పట్టుకెల్లిపోయేరు. తరవాత తెలిసింది ఉప్పు లేదని. వంటోడు వెనకాల గుండిగలో ఉప్పేసేడు. బకెట్లోకి వత్తాదా?"

"ఎలా వత్తాది?"

"రాదు కదా. ఇదీ అంతే. కట్టినప్పుడు ఏటుంటే దాన్ని కాపీ తీసి దాసుకుంతాది. తరవాత నువ్వు అసలుదాన్ని మార్సినా లోపలున్న కాపీ మారదు."

"ఓస్, ఇంతేనా? ఆకు మీద ఉప్పు పొట్లం ఎలాగూ ఉంతాది. కలుపుకుని తింటాం."

"నీకన్నీ ఎటకారాలే."

ఎటకారం కాకపోతే నాకేం మిగిలింది ఈ కాలేజీలో?

ఆగస్టు 11, సోమవారం

చేశాను! జన్మకో ప్రోగ్రాం!

ప్రిన్సిపాల్ గారి కంప్యూటర్ తెర తలకిందులు చేసి, ఆయన మెడ వంచుకుని మెయిల్ చదవడం చూసిన రోజు కూడా ఇంత ఆనందం లేదు.

రోజూ పదకొండింటికి ఆబ్సెంట్ పిల్లల ఇళ్ళకు మెసేజ్‌లు పోతాయి. ఆ ప్రోగ్రాం రామ్‌గోపాల్ బావ సృష్టి. పంపడం అనే పనికి రెండు కావాలి: ఏ నెంబరుకి, ఏ పిల్ల గురించి. నెంబరు ఖాళీగా ఉంటే రిజిస్టరులోని నాన్న నెంబరు తీసుకుంటుంది. ఏదైనా నెంబరు ఇస్తే దానికే పంపుతుంది, అది పరీక్ష చేసుకోవడానికి బావ పెట్టుకున్న ఏర్పాటు.

నేనేం చేశానంటే, 'ఏ నెంబరుకి' అన్నచోట బావ పెళ్ళాం రాజశ్రీ నెంబరు కట్టేశాను. బకెట్ నిండా రాజశ్రీ. ఇక ఆబ్సెంట్ పిల్లలు ఆకుల్లా ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. శ్రావణమాసం పెళ్ళిళ్ళ మర్నాడు కదా, సగం కాలేజీ లేదు. ఎనభై ఆరు. ఎనభై ఆరు మెసేజ్‌లు ఒకే ఇంటికి! "మీ పిల్ల ఫలానా ఈ రోజు కళాశాలకు రాలేదు. దయచేసి శ్రద్ధ వహించండి." "మీ అబ్బాయి ఫలానా ఈ రోజు కళాశాలకు రాలేదు. దయచేసి శ్రద్ధ వహించండి."

బావకు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ బయటికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. రేపు వచ్చి వీపు మీద ఒక్కటిస్తాడు. తింటాను.

ఆగస్టు 12, మంగళవారం

రాత్రి పద్మకు చెబుతూ నేను నవ్వుతుంటే, తను ముద్ద కంచంలో పెట్టేసింది.

"రాజశ్రీకా పంపేవు?"

"అవును. ఎనభై ఆరు!"

"పిల్లల్లేని దానికి 'మీ పిల్ల రాలేదు' అని ఎనభై ఆరు మాట్లు పంపేవా? పద్దెనిమిదేళ్ళు అది తిరగని ఆస్పత్రి లేదు. నీకు నవ్వెలా వత్తాదయ్యా?"

నేను ఆ సంగతి అనుకోలేదు. నిజంగా అనుకోలేదు. నా బుర్రలో నెంబరు ఉంది, బైండ్ ఉంది, ఎనభై ఆరు ఉంది. మనిషి లేదు.

పొద్దున బావ ల్యాబ్‌కి వచ్చాడు. "బావా" అన్నాను.

"అలా పిలవకు. ఆవిడ ఎనభై ఆరూ చదివింది. ఒక్కోటీ చదివింది. చదివి ఆ నెంబర్ని బ్లాక్ చేసి, దేవుడి గదిలోకి పోయి తలుపేసుకుంది. సాయంత్రం దాకా తియ్యలేదు."

"ఇప్పుడే తీసేత్తాను. నువ్వు కూకో."

"నువ్వే పెట్టేవు, నువ్వే తియ్యి. నేనింక ఆ మెషిన్ మొహం చూడను. పదకొండింటికి బటన్ కూడా నువ్వే నొక్కు."

అటు తిరిగి వెళ్ళిపోయాడు. ఇరవై రెండేళ్ళలో వాడు నా టీ తాగకుండా వెళ్ళడం ఇదే మొదలు.

ప్రోగ్రాం తెరిచాను. ఆ లైను చూస్తూ కూర్చున్నాను. నా జన్మలో నేను రాసిన పని చేసే లైను అది. చెరపబుద్ధి కాలేదు. చెరపడం ఎందుకు? దాని కింద ఇంకో లైను రాసి, రాజశ్రీ నెంబరున్న చోటును ఖాళీ చేసేశాను. ఖాళీ ఉంటే నాన్నల నెంబర్లకే పోతుంది కదా. నా లైను నాకు ఉంటుంది, ఎవరి మెసేజ్ వాళ్ళకు పోతుంది. పదకొండింటికి నొక్కాను. ఇరవై ఒక్క మెసేజ్‌లు. "పంపబడినది" అని పచ్చగా వచ్చింది. అయిపోయింది.

ఆగస్టు 13, బుధవారం

లావణ్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేదంది. ఉషారు చేద్దామని నా ఘనకార్యం చెప్పాను. నవ్వలేదు.

"పిల్లల్లేని అమ్మగారికా బాబాయ్? నాను సెప్పిందాంతోనా?"

"తీసేసేను లేవే."

"ఏదీ సూపించు. ఎలా తీసేవో."

చూపిస్తే ఆ లైను ఇంకా ఉంచానని తెలుస్తుంది, మళ్ళీ తిడుతుంది. "మెషిన్ కట్టేసేను, రేపు సూద్దువు," అన్నాను.

"ఎవుల్ని ఏడిపించాలో కూడా తెలీదు నీకు," అని సంచీ భుజాన వేసుకుని పోయింది.

చిన్న పిల్ల. రేపటికి మర్చిపోతుంది.

ఆగస్టు 14, గురువారం

లావణ్య రాలేదు. అలిగింది.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా ఎగరేశాం. బూందీ పొట్లాలు నేనే పంచాను. బావ తీసుకోకుండా పక్కనుంచి వెళ్ళాడు. లావణ్యకు ఒకటి అట్టేపెట్టాను. శని, ఆదివారాలు కూడా సెలవే. సోమవారానికి మెత్తబడిపోతుంది బూందీ. పిల్ల కూడా మెత్తబడుతుంది.

ఆగస్టు 18, సోమవారం

రాలేదు. ఇంత అలుకా? నేనేం వాళ్ళ నాన్ననా? బూందీ నేనే తిన్నాను.

ఆగస్టు 19, మంగళవారం

పిల్లల్లో పండగ కళ ఉంది. వెనక బెంచీ వాళ్ళు అనుకుంటుంటే విన్నాను, వారం బట్టి ఇళ్ళల్లో తిట్లు లేవట. బంక్ కొట్టినా నాన్నలు నోరెత్తడం లేదట. కాలం మారింది, నాన్నలు మంచివాళ్ళవుతున్నారు.

లావణ్య రాలేదు.

ఆగస్టు 20, బుధవారం

రాలేదు. గదికి వెళ్ళి చూద్దామా అనుకున్నాను. ఆడపిల్లలుండే గదికి యాభై ఏళ్ళవాడు పోతే సందులో ఏమనుకుంటారు? అదీగాక ముందు నేను దిగితే లోకువ. రేపు వస్తుంది.

ఆగస్టు 21, గురువారం

రాలేదు.

ఆగస్టు 22, శుక్రవారం

ఆస్పత్రి వరండాలో రాస్తున్నాను. ఏదో ఒకటి రాయకపోతే చేతులు ఊరుకోవడం లేదు.

పదిన్నరకు సుప్రియ ల్యాబ్‌లోకి వచ్చింది. "అంకుల్, లావణ్యకి వారం బట్టి జొరం. మాత్రలేసుకుంతన్నాది. సెలవలకి నేను ఊరెళ్ళి వచ్చేసరికి లేవలేకపోతన్నాది. ఇయాల నన్ను సూసి 'నువ్వెవులు' అంది."

తాళాలు అక్కడే పడేసి, ఈ పుస్తకం చేతిలో ఉండగానే పరిగెత్తాను. పిల్ల చాప మీద ఉంది. కళ్ళు పసుపుకొమ్ముల్లా ఉన్నాయి. గోళ్ళు కూడా. "లావణ్యా" అంటే నా వైపు చూసి, "ఆకు లేదు," అంది. ఇంకేదో అంది. అర్థం కాలేదు.

ఆటోలో ఇక్కడి ఆస్పత్రికి, అక్కణ్ణుంచి అంబులెన్సులో విశాఖపట్నం. దారిలో సుప్రియను తిట్టాను. ఇంటికి ఎందుకు చెప్పలేదే అన్నాను. అది ఏడుస్తూ చెప్పింది: "వద్దంది అంకుల్. నాన్నతో మాటల్లేవు, నాకే సిగ్గుగా ఉన్నాది అంది. ఆబ్సెంట్ మెసేజ్ ఎలాగూ ఎల్తాది, నాన్నే ఫోన్ సేత్తాడు, అప్పుడు మాటాడతాను అంది. రోజూ పదకొండింటికి ఫోను పక్కన పెట్టుకునేది."

వాళ్ళ నాన్నకు ఫోన్ చేశాను. చెరకు తోటలో ఉన్నాడట, గాలి హోరు. నా మాట మొత్తం విని, ఒకే ఒక్కటి అడిగాడు.

"కాలేజీకి ఎల్తన్నాది కదేటి బాబూ? మెసేజ్ రాలేదే?"

ఆస్పత్రి పేరు చెప్పి ఫోను పెట్టేశాను. మెసేజ్ ఎందుకు రాలేదో ఇంకా ఆలోచించదలుచుకోలేదు. సిగ్నల్ లేదేమో పల్లెలో. అంతే అయ్యుంటుంది. పల్లెల్లో సిగ్నళ్ళు ఉండవు.

ఆగస్టు 23, శనివారం

తెల్లవారే బస్సులో వచ్చి, వాచ్‌మన్ దగ్గర తాళాలు తీసుకుని ల్యాబ్ తెరిచాను. పంపిన మెసేజ్‌ల పట్టీ చూశాను.

పన్నెండో తారీఖు ఇరవై ఒకటి. ఇరవై ఒకటీ రాజశ్రీకి. పదమూడు, రాజశ్రీకి. పద్నాలుగు, రాజశ్రీకి. అన్నీ. అన్నీ ఆవిడకే. ఆవిడ బ్లాక్ చేసిన ఫోనుకు. ఏ నాన్నకూ ఏదీ పోలేదు. "మీ పిల్ల పి. లావణ్య ఈ రోజు కళాశాలకు రాలేదు." పద్నాలుగు, పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. ఐదు. నిన్న నేను బటన్ నొక్కకుండా పరిగెత్తాను కాబట్టి ఆరోది లేదు.

ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. ఆరో తారీఖు. నా రాతే. "కట్టినప్పుడు ఏటుంటే దాన్ని కాపీ తీసి దాసుకుంతాది. తరవాత నువ్వు అసలుదాన్ని మార్సినా లోపలున్న కాపీ మారదు." కింద నా ఎటకారం.

నేను గుండిగలో ఉప్పు వేశాను. బకెట్ ఎప్పుడో బంతిలోకి వెళ్ళిపోయింది.

ఆ లైను చెరిపేశాను. ఎంత సేపు? ఒక్క సెకను.

మధ్యాహ్నానికి మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాను. సత్తియ్య వరండాలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, మోచేతుల దాకా చెరకాకు కోసిన గీతలు. నన్ను చూసి లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వేనా తమ్ముడూ మోసుకొచ్చేవు? మా గుంట ఎప్పుడూ సెప్తాది, ల్యాబ్ బాబాయ్, ల్యాబ్ బాబాయ్ అని."

నేను టీ తెస్తానన్నాను. వద్దన్నాడు. గోడకు చెబుతున్నట్టు చెప్పుకుపోయాడు.

"పదో తారీకు అనకాపల్లిలో పెళ్ళి వడ్డనకెల్లేను తమ్ముడూ. బంతిలో మా గుంట కూకున్నాది. దాని కాలేజీ వోళ్ళంతా సుట్టూరా. అది నన్ను సూసింది. మొహం తెల్లగా పాలిపోనాది. ఎవులైనా సూత్తే దానికి సిన్నతనం కదేటి? నాను దాని ఆకు కాడికెల్లి, పరాయి వోళ్ళని అడిగినట్టు 'సాంబారు వెయ్యమంటారా అమ్మా' అన్నాను. తలొంచుకునే ఊపింది. వేసేసి ఎల్లిపోనాను. కోపమేటీ లేదు నాకు. దానికే సిగ్గయిపోనాది కావాల, ఫోన్ సెయ్యలేదు. బలవంతం సెయ్యకూడదు, అదే సేత్తాదిలే అని నానూ ఊరుకున్నాను. కాలేజీకి ఎల్తన్నాదిలే, ఎల్లకపోతే మెసేజ్ వత్తాది కదా అనుకున్నాను. ఒక్క మెసేజ్ వచ్చినా సెప్పుల్లేకుండా పరిగెట్టుకొచ్చీవోణ్ణి తమ్ముడూ."

నేను గోడ మీది గడియారం చూశాను. అది పని చేయడం లేదు. అయినా చూస్తూనే ఉన్నాను.

డాక్టరు బయటికి వచ్చి, "ఇంత ముదిరాక తెచ్చారేంటి? నాలుగు రోజుల ముందైతే..." అని ఆపేశాడు.

ఆగస్టు 24, ఆదివారం

లావణ్య లేదు.

ఆగస్టు 26, మంగళవారం

కాలేజీకి వాళ్ళ ఊరి పెద్దలు నలుగురు వచ్చారు. మెసేజ్ ఎందుకు రాలేదని అడిగారు. ప్రిన్సిపాల్ గారు అందరినీ గదిలోకి పిలిచారు. నన్ను టీలకు పిలిచారు.

"ఆ ప్రోగ్రాం ఎవరిది?"

"నాదే సార్," అన్నాడు రామ్‌గోపాల్.

"పదకొండో తారీఖు నుంచి ఒక్క పేరెంటుకీ మెసేజ్ పోలేదు. మీరు చూసుకోరా?"

"చూసుకోలేదు సార్."

"ఎందుకు పోలేదు?"

బావ తల ఎత్తి నా వైపు చూశాడు. ఎక్కువ సేపు కాదు. "తెలీదు సార్," అన్నాడు.

సస్పెన్షన్. సంజాయిషీ వారం లోపు. ఆ తర్వాత ఉద్యోగం ఉండదని అందరికీ తెలుసు.

నేను ట్రే పట్టుకుని నిలబడ్డాను. తొమ్మిది కప్పులు. ఒక్క చుక్క ఒలకలేదు. చేతులు అంత గట్టిగా ఉన్నాయి నాకు.

ఆగస్టు 27, బుధవారం

చవితి. పద్మ ఉండ్రాళ్ళు చేసింది. కథ చదువుతున్నంతసేపూ అక్షింతలు పిడికిట్లోనే ఉండిపోయాయి. వేయడం మర్చిపోయాను.

జొరం పిల్ల ఎలాగైనా ముదరబెట్టుకునేది. మెసేజ్ వెళ్ళినా ఆ పల్లెలో సిగ్నల్ ఉండకపోవచ్చు. వెళ్ళినా ఆయన చదవకపోవచ్చు. వడ్డన మనిషి, చదువొచ్చో లేదో.

పైది రాసి మళ్ళీ చదివాను. థూ.

ఆగస్టు 29, శుక్రవారం

బావ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే రాజశ్రీ వచ్చింది. నేను తల ఎత్తలేదు. "లోపలికి రండి అన్నయ్యా," అంది. తిట్టి ఉంటే బావుండేది.

బావ అటక మీంచి దించిన పాత పుస్తకాలు సర్దుకుంటున్నాడు.

"నీకు తెలుసా?" అన్నాను.

"ఇరవై మూడో తారీఖు పదకొండున్నరకి వచ్చేను. నువ్వు లైను చెరిపేసి ఆస్పత్రికి ఎల్లిపోయేవు. ముందు రోజు కాపీ ఉంటాది కదా మెషిన్లో. అది చూసేను."

"మరి తెలీదని ఎందుకన్నావు?"

ఒక పుస్తకం దుమ్ము దులిపాడు.

"పదిహేనేళ్ళు అదే పాఠం చెప్పేను బావా. నువ్వు తప్పు రాస్తే కనిపెట్టడానికి నాకు ఒక్క చూపు చాలు. నీ మీద కోపంతో పది రోజులు ఆ మెషిన్ వైపు చూడలేదు. అందులో నీ భాగం ఎంత, నా భాగం ఎంత అని ప్రిన్సిపాల్ ముందర నిలబడి ఎవడు పంచుతాడు?"

'బావా' అన్నాడు. పద్దెనిమిది రోజుల తర్వాత అన్నాడు. ఆ మాట కోసం ఎంత ఎదురుచూశానో.

"నేను సెప్పేత్తాను," అన్నాను.

"నీ ఇష్టం. నేను చెప్పమననూ, వద్దననూ."

లోపలి నుంచి రాజశ్రీ మెల్లగా అంది: "ఆ నెంబరు నేను బ్లాక్ చెయ్యకపోతే, పేర్లు కనపడేవి కదా అన్నయ్యా."

ఇంతమంది తలా కొంత తప్పు మోసేస్తున్నారు. నా తలకాయ మాత్రం ఖాళీగా తిరుగుతోంది.

సెప్టెంబర్ 2, మంగళవారం

ప్రిన్సిపాల్ గారికి కాగితం రాసిచ్చాను. అర పేజీ. 'ఎటకారం' అని రాసి కొట్టేసి, 'నా తప్పు' అని రాశాను. ఆయన రెండుసార్లు చదివి, "నీకు సీ ప్లస్ ప్లస్ వచ్చా?" అన్నారు.

"ఒక పిల్ల నేర్పింది సార్."

తాళాల గుత్తి టేబుల్ మీద పెట్టేసి వచ్చాను. ఈ పుస్తకం మాత్రం తెచ్చుకున్నాను. రామ్‌గోపాల్‌ను రేపటి నుంచి రమ్మన్నారట.

పద్మకు మొత్తం చెప్పాను. విని, రేపు మాడుగుల వెళ్ళడానికి తెల్ల చొక్కా ఉతికి ఆరేసింది.

సెప్టెంబర్ 3, బుధవారం

ఈ రోజుది కూడా రాసేసి ఈ పుస్తకం మూసేస్తాను.

పదకొండో రోజు. మాడుగులలో బస్సు దిగి, ఆటోలో వాళ్ళ ఊరు. పెళ్ళికాని పిల్ల కాబట్టి పెద్ద తంతు లేదు. అయినవాళ్ళకీ ఊళ్ళో కొందరికీ భోజనాలు. ఇంటి ముందు టార్పాలిన్ కింద ఒకటే బంతి, నలభై ఆకులు.

సత్తియ్య ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఈ తమ్ముడే మా గుంటని ఆస్పత్రికి మోసుకెల్లినాడు," అని అందరికీ చూపించాడు. ఒక ముసలమ్మ నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. నాకు కుర్చీ వేశారు. చల్లటి నీళ్ళు ఇచ్చారు. ఆ మర్యాద ఒంటి మీద తేళ్ళు పాకినట్టుంది.

వడ్డనకు మనుషులు తక్కువైతే లేచి సాంబారు బకెట్ అందుకున్నాను. సత్తియ్య సొంత బకెట్, పక్కన తెల్ల రంగుతో 'సత్తియ్య' అని రాసి ఉంది. ఆ అక్షరాలు లావణ్యవి. గుర్తుపట్టాను. రికార్డుల్లో ఆ 'య' కింద అలాగే తోక లాగేది.

పది ఆకులు వేశాను. పదకొండో ఆకు దగ్గర గరిటె ఆగిపోయింది. వెనక్కి తిరిగి గుండిగ దగ్గర నిలబడ్డ సత్తియ్య దగ్గరకు వెళ్ళాను.

"అన్నయ్యా, నీకు మెసేజ్ రాకపోవడానికి కారణం సారు కాదు. నేను."

"ఏటి తమ్ముడూ?"

చెప్పాను. నెంబరు, రాజశ్రీ, ఎనభై ఆరు, నవ్వు. తీసేశానని అనుకున్నది. లావణ్య చూపించమంటే రేపు అన్నది. గొంతు తగ్గించలేదు, బంతిలో సగం మంది విన్నారు. నిన్నటి కాగితంలో అర పేజీ అయింది. ఇక్కడ ఎంతసేపు పట్టిందో తెలీదు.

"మరి మెసేజ్‌లు ఎల్లినాయా?"

"ఎల్లినాయి. వేరే ఆవిడకి."

"ఎన్ని?"

"ఐదు."

"ఐదు," అన్నాడు. వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "అది ఫోను పక్కనెట్టుకునేదని ఆ సుప్రియ సెప్పినాది."

నేను కాళ్ళ మీద పడబోయాను. పడనివ్వలేదు. ఎవరో కుర్రాళ్ళు లేచి నా మీదకు రాబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. నా చేతిలోంచి బకెట్ తీసుకున్నాడు. భుజం మీది తువ్వాలుతో దాని అంచు తుడిచాడు. పదకొండో ఆకు ముందు కూర్చున్న మనిషి అన్నం కలపకుండా ఎదురుచూస్తున్నాడు.

"బంతి ఆగకూడదు," అన్నాడు. చివర ఖాళీగా ఉన్న ఆకు చూపించాడు. "కూకోండి."

కూర్చున్నాను. ఎవరో అన్నం వేసి పోయారు. సత్తియ్య పదకొండో ఆకు నుంచి మొదలుపెట్టి వస్తున్నాడు. వంగడం, వెయ్యడం, అడుగు. వంగడం, వెయ్యడం, అడుగు. ఎక్కడా తొణకలేదు. నా ఆకు దగ్గరకు వచ్చాడు. వంగాడు. నా మొహంలోకి చూడలేదు.

"సాంబారు వెయ్యమంటారా బాబూ?"

తల వంచుకునే ఊపాను.

వేసేసి వెళ్ళిపోయాడు. కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు లేదు. అప్పటికే ఎవరో గుండిగ దగ్గర నుంచి కేకేశారు, "సాంబార్లో ఉప్పు మర్సిపోనారు, ఎయ్యండర్రా!" అని.

నా ఆకులోకి వచ్చింది వచ్చేసింది. ఆకు మీద ఉప్పు పొట్లం ఉంది. ముట్టుకోలేదు. మొత్తం తిన్నాను.